వెచ్చదనం బరువులో లేదు

చలి ప్రాంతానికి తొలిసారి బయల్దేరే మనిషి పెట్టె తెరిచి చూస్తే చలి గురించి మనకున్న ఊహ ఏమిటో తెలిసిపోతుంది. రెండు మూడు ఉన్ని స్వెట్టర్లు, మందపాటి జీన్సు ప్యాంట్లు, ఒక తోలు కోటు, పైన ఇంట్లోవాళ్ళు బలవంతంగా పెట్టిన శాలువా ఉంటాయి. చలి ఎంత పెరిగితే ఒంటిమీద బరువు అంత పెరగాలన్న నమ్మకంతో సర్దిన పెట్టె అది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఫ్యాను కింద గడిపే ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ళకు అలా అనిపించడం సహజమే. మంచు పడే చోట బతికినవాళ్ళు తరాల అనుభవంతో నేర్చుకున్నది మనకు ఎవరూ నేర్పలేదు. అందుకే మూడు వందల గ్రాములైనా తూగని, మడిస్తే అన్నం డబ్బా అంత సంచిలో ఇమిడిపోయే డౌన్ జాకెట్‌ను దుకాణంలో చేతిలోకి తీసుకున్నప్పుడు, ఇది గడ్డకట్టే చలిని ఆపుతుందంటే మనసు ఒప్పుకోదు. ఒప్పుకోని మనసుతో కొన్నవాళ్ళు దాన్ని తప్పుగా వేసుకుంటారు. తప్పుగా వేసుకుని వణికినవాళ్ళు జాకెట్‌నే తప్పుపడతారు.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒకే ఒక్క విషయం. చలిలో మనల్ని కాపాడేది బట్ట కాదు, బట్ట పట్టి ఉంచే కదలని గాలి. ఈ ఒక్క సంగతి స్పష్టంగా అర్థమైతే ఏ జాకెట్ కొనాలో, ఏ సైజు తీసుకోవాలో, ఎప్పుడు వేసుకుని ఎప్పుడు విప్పాలో, ఎలా ఉతికి ఎలా దాచాలో ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. అర్థం కాకపోతే ఎంత ఖరీదు పెట్టినా చలి పోదు.

గాలి చేసే పని

ముందు వేడి ఎక్కడిదో చూద్దాం. ఏ బట్టలోనూ వేడి లేదు. ఉన్నదంతా మన ఒంట్లో పుట్టేదే. ఊరికే కూర్చున్న పెద్దమనిషి శరీరం సుమారు వంద వాట్ల వేడిని ఆగకుండా బయటికి వదులుతూ ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు అది నాలుగైదు రెట్లవుతుంది. చలిగా ఉందంటే ఆ వేడి పుట్టే వేగం కన్నా పోయే వేగం ఎక్కువైందని అర్థం. కాబట్టి బట్ట చేయవలసిన పని వేడి పోకను నెమ్మదింపజేయడమే. ఆ పనికి గాలిని మించినది మనకు అందుబాటులో లేదు. గాలి తన గుండా వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. నీటితో పోలిస్తే ఆ వేగం ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అయితే ఒక షరతు ఉంది, ఆ గాలి కదలకూడదు. కదిలే గాలి ఒంటి వేడిని మోసుకుపోతుంది. దాన్ని చిన్న చిన్న ఖాళీల్లో చిక్కించి పట్టుకోవాలి.

పెద్దబాతుల, బాతుల పైఈకల కింద, చర్మానికి అంటుకుని ఉండే మెత్తటి నూగు సరిగ్గా ఆ పని చేస్తుంది. దాన్నే డౌన్ అంటారు. మామూలు ఈకకు మధ్యలో గట్టి కాడ ఉంటుంది, డౌన్‌కు ఉండదు. ఒక చిన్న నడిమి బిందువు నుంచి అన్ని వైపులకూ సన్నటి పోగులు విచ్చుకుని ఉంటాయి. వాటి మధ్య గాలి చిక్కుకుపోతుంది. మంచి రకం డౌన్ 28 గ్రాములు తీసుకుంటే అది దాదాపు 13 లీటర్ల చోటును నింపుతుంది. అందులో అసలు నూగు ఆక్రమించే చోటు ఇరవై మిల్లీలీటర్ల పైచిలుకు మాత్రమే, తక్కినదంతా గాలే. మనకు ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. అణిగిపోయిన పరుపులో దూదిని ఏకించి మళ్ళీ కుట్టిస్తే అదే దూది, అదే బరువు, పరుపు మాత్రం రెట్టింపు ఉబ్బి మెత్తగా, వెచ్చగా తయారవుతుంది. దూదేకులవాడు చేర్చింది గాలినే. డౌన్ జాకెట్ విషయంలో కూడా మన బాధ్యత ఆ ఉబ్బును కాపాడుకోవడమే.

బరువుకూ వెచ్చదనానికీ ముడి లేదని శాస్త్రం కూడా ఎప్పుడో తేల్చింది. బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 1941లో ‘క్లో’ అనే ప్రమాణాన్ని ప్రవేశపెట్టారు. ఆ కొలతలన్నీ చెప్పేది ఒకటే: పోగు దేనిదైనా సరే, గాలిని పట్టి ఉంచే పొర మందం సమానంగా ఉంటే వెచ్చదనం ఇంచుమించు సమానమే. ఉన్నికైనా, దూదికైనా, నూగుకైనా అదే లెక్క. తేడా అంతా ఆ మందాన్ని ఎంత తక్కువ బరువుతో సాధించగలమన్న దగ్గరే వస్తుంది. అక్కడ డౌన్‌ను ఇప్పటికీ ఏదీ పూర్తిగా దాటలేదు. తోలు కోటు గాలిని బాగానే ఆపుతుంది, కానీ దానికి ఉబ్బు లేదు. జీన్సు బట్ట బరువుంటుంది, దానికీ ఉబ్బు లేదు, పైగా తడిస్తే త్వరగా ఆరదు.

ఈ సంగతిని మొదట ఆచరణలో చూపించినవాళ్ళలో జార్జ్ ఫించ్ ఒకరు. ఆయన వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త. 1922లో ఎవరెస్టు యాత్రకు వెళ్ళినప్పుడు తోటివాళ్ళంతా ఉన్ని, పట్టు, నూలు బట్టలు పొరలు పొరలుగా తొడుక్కుంటే, ఆయన బెలూన్ల తయారీకి వాడే పల్చటి బట్టలో ఈడర్ బాతు నూగు నింపి కోటు కుట్టించుకున్నారు. మొదట అందరికీ అది వింతగా తోచింది. కొండ మీద గాలులు మొదలయ్యాక ఆ కోటు విలువ తెలిసింది. ఆ యాత్రలో ఆయనా జెఫ్రీ బ్రూసూ 8,300 మీటర్లు దాటి, అంతవరకూ ఎవరూ చేరని ఎత్తుకు చేరారు. ఆ తర్వాతి కాలంలో ఇదే ఫించ్ పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు సంచాలకులుగా పనిచేశారు. అమెరికాలో ఎడీ బాయర్ 1936లో డౌన్‌ను అరలు అరలుగా కుట్టిన జాకెట్ తయారుచేసి, 1940లో దానికి పేటెంటు పొందారు. అరలు ఎందుకంటే, విడిగా వదిలేస్తే నూగంతా కిందికి జారి భుజాల దగ్గర ఖాళీ అయిపోతుంది. ఈనాడు దుకాణాల్లో కనిపించే అడ్డగీతల జాకెట్లన్నీ ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

లేబుల్ మీద అంకెలు చదవడం

జాకెట్ మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది ‘ఫిల్ పవర్’ అనే అంకె. 550, 650, 800, 900 అని ఉంటుంది. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల పైచిలుకు డౌన్ ఎన్ని ఘనపు అంగుళాల చోటును నింపుతుందో ఆ అంకె చెబుతుంది. అది నూగు నాణ్యతకు కొలత. దాన్ని జాకెట్ వెచ్చదనానికి కొలతగా పొరబడేవాళ్ళే ఎక్కువ. వెచ్చదనం తెలియాలంటే రెండో అంకె కావాలి: లోపల ఎన్ని గ్రాముల డౌన్ నింపారన్నది. దీన్ని ‘ఫిల్ వెయిట్’ అంటారు. చాలా కంపెనీలు దీన్ని లేబుల్ మీద వేయవు, వివరాల పేజీలో వెతకాలి, లేదా అడగాలి. తేలికపాటి జాకెట్లలో సాధారణంగా 60 నుంచి 120 గ్రాముల దాకా ఉంటుంది.

రెండు అంకెలనూ కలిపి చూస్తే ఏం తెలుస్తుందో లెక్కవేద్దాం. 600 ఫిల్ పవర్ ఉన్న డౌన్ వంద గ్రాములు సుమారు 35 లీటర్ల చోటు నింపుతుంది. 800 ఉన్నది 75 గ్రాములు నింపినా అదే 35 లీటర్లు. 900 ఉన్నది 60 గ్రాములే నింపితే 31 లీటర్లే. అంటే అన్నిటికన్నా పెద్ద అంకె, బహుశా అన్నిటికన్నా పెద్ద ధర ఉన్న మూడో జాకెట్టే ఈ మూడింటిలో తక్కువ గాలిని పట్టుకుంటుంది. మొదటిదానికీ రెండోదానికీ వెచ్చదనంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, బరువులో తేడా పాతిక గ్రాములు. వారాల తరబడి సామానంతా వీపున మోసుకుంటూ కొండలెక్కేవారికి ప్రతి పాతిక గ్రాములూ లెక్కే. ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి బస్‌స్టాప్‌కు నడిచే విద్యార్థికి ఆ పాతిక గ్రాముల కోసం రెట్టింపు ధర పెట్టాల్సిన అవసరం లేదు.

మూడో వివరం ‘90/10’ లాంటి నిష్పత్తి. నూటికి 90 పాళ్ళు డౌన్, 10 పాళ్ళు చిన్న ఈకలు అని దాని అర్థం. ఈకల పాలు పెరిగిన కొద్దీ ఉబ్బు తగ్గుతుంది. జాకెట్‌ను వేళ్ళతో నలిపి చూడండి. గుచ్చుకునే కాడలు ఎక్కువగా తగిలితే ఈకలు ఎక్కువున్నట్టే. గుప్పిట బిగించి నొక్కి వదలండి, వెంటనే లేచి ఉబ్బాలి. లోపలి లేబుల్‌లో నింపినది పాలిస్టర్ అని రాసి ఉంటే, చూడ్డానికి ఎంత అచ్చంగా ఉన్నా అది డౌన్ జాకెట్ కాదు. పాలిస్టర్ నింపినది చెడ్డదని కాదు, దాని సంగతి తర్వాత వస్తుంది. డౌన్ ధర ఇచ్చి దాన్ని కొనకూడదు, అంతే.

ఆ తర్వాత కుట్లు. తేలికపాటి జాకెట్లలో పైబట్టనూ లోపలిబట్టనూ కలిపి నేరుగా కుట్టేస్తారు. కుట్టు పడ్డ గీత వెంట మందం ఉండదు, అక్కడి నుంచి వేడి పోతుంది. బాగా చలి ప్రాంతాలకు చేసే బరువైన కోట్లలో రెండు బట్టల మధ్య చిన్న గోడల్లాంటి పట్టీలు పెట్టి అరలు చేస్తారు, అందులో ఈ లోపం ఉండదు. తేలికపాటి జాకెట్టే కొంటున్నప్పుడు అరలు మరీ సన్నగా, కుట్లు మరీ దగ్గరగా ఉన్నదాని కన్నా కాస్త వెడల్పు అరలున్నది మేలు. పైబట్ట మందాన్ని డెనియర్లలో చెబుతారు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పది డెనియర్ల బట్ట గాలిలా తేలికగా ఉంటుంది కానీ ముళ్ళకంపకు, గోడ గరుకుకు చిరుగుతుంది. రోజూ వాడేవాళ్ళకు ఇరవై, ముప్ఫై డెనియర్ల బట్ట నయం.

సైజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ఒంటికి అతుక్కున్నట్టుంటే చూపుకు బాగుంటుందని బిగువైనది తీసుకుంటారు. బిగువు జాకెట్‌లో నూగు అణిగిపోతుంది, అణిగితే గాలి లేదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. మరీ వదులైతే కదిలినప్పుడల్లా మెడ దగ్గర నుంచి, నడుం దగ్గర నుంచి లోపలి వెచ్చటి గాలి బయటికి పోయి చల్లగాలి లోపలికి వస్తుంది. కాబట్టి లోపల వేసుకోబోయే స్వెట్టరో ఫ్లీసో తొడుక్కునే దుకాణానికి వెళ్ళండి. దాని మీద జాకెట్ వేసుకుని జిప్పు పైదాకా పెట్టి, రెండు చేతులూ పైకెత్తండి. నడుం బయటపడకూడదు, భుజాలు పట్టెయ్యకూడదు. మణికట్టు దగ్గర ఎలాస్టిక్, గడ్డం దాకా వచ్చే కాలరు, వీలైతే హుడ్ ఉండాలి. ఇవి అలంకారాలు కావు, లోపలి గాలి జారిపోయే దారులకు వేసిన మూతలు.

ఎక్కడికి వెళ్తున్నారన్నదే అసలు ప్రశ్న

‘ఏ జాకెట్ మంచిది?’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఏ చోటుకు, ఏ పనికి అన్నది కలిపితేనే జవాబు వస్తుంది. లంబసింగిలో తెల్లవారుజామున మంచు చూడటానికి వెళ్ళేవారికి, డిసెంబరు పొద్దున్నే ఆదిలాబాద్‌లో బండి మీద పనికి వెళ్ళేవారికి అన్నిటికన్నా పల్చటి డౌన్ జాకెట్ చాలు. బండి మీద అయితే దానిపైన గాలిని ఆపే ఒక పొర ఉండాలి.

కేదార్‌నాథ్ యాత్ర వేరే సంగతి. గౌరీకుండ్ దాదాపు 1,980 మీటర్ల ఎత్తున ఉంది, ఆలయం 3,583 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో 1,600 మీటర్ల ఎక్కుడు. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున లెక్కవేస్తే, బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ పది డిగ్రీల తేడా ఉంటుంది. పగలు ఎక్కి సాయంత్రానికి చేరతారు కనుక పొద్దు వాలడంతో పడే చలి దీనికి తోడవుతుంది. పైగా అక్కడ వాన ఎప్పుడైనా రావచ్చు. ఈ యాత్రకు తేలికపాటి జాకెట్ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే దారంతా సంచిలో ఉండి పైకి చేరాక ఒంటిమీదికి రావలసిన వస్తువు అది. అయితే వానకోటు లేకుండా దాన్ని తీసుకెళ్ళడం వ్యర్థం.

మూడోది మన పిల్లలు చదువుకు వెళ్ళే అమెరికా ఉత్తర రాష్ట్రాలు, కెనడా. మినియాపొలిస్‌లో జనవరి రాత్రుల సగటు కనిష్ఠం మైనస్ 13 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. దానికి గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి ఇంకా ఎక్కువ. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 20లా ఉంటుందని అక్కడి వాతావరణ శాఖలు వాడే సూత్రం చెబుతుంది. ఇలాంటి చోట తేలికపాటి డౌన్ జాకెట్ ఒక్కదానితో గడుస్తుందని చెప్పడం మోసమే అవుతుంది. అక్కడ అది మధ్యపొర. లోపల చెమటను పీల్చి ఆరిపోయే థర్మల్, పైన గాలిని, మంచును ఆపే వదులైన కోటు ఉండాలి. అక్టోబరులో ఒంటరిగా, డిసెంబరులో కోటు కింద, మార్చిలో మళ్ళీ ఒంటరిగా ఆరు నెలలు పనికొచ్చేది ఆ ఒక్క జాకెట్టే. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఎక్కువగా ఆగస్టులో వెళ్తారు, అసలు చలి నవంబరుకు గానీ రాదు. పెద్ద కోటు ఇక్కడ కొని పెట్టె బరువు పెంచకండి. అక్కడి చలిని ఎరిగిన దుకాణాల్లో, అక్కడి సీనియర్లను అడిగి, వాళ్ళే కొనుక్కోగలిగేంత వ్యవధి ఉంటుంది.

వేసుకునే వేళ, విప్పే వేళ

మంచి జాకెట్ కొని కూడా వణికేవారు ఎక్కువగా వేళ తప్పినవారే. మొదటి నియమం: నడుస్తున్నప్పుడు విప్పండి, ఆగినప్పుడు వేసుకోండి. కొండెక్కేటప్పుడు శరీరం నాలుగైదు వందల వాట్ల వేడిని పుట్టిస్తుంటే దానిపైన డౌన్ జాకెట్ వేసుకుంటే మిగిలేది చెమటే. ఆ చెమట లోపలి బట్టను, ఆపైన నూగును తడుపుతుంది. పైకి చేరి ఆగగానే ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, తడి మాత్రం ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తూనే ఉంటుంది. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించడమే సరైన పద్ధతి. పది నిమిషాల నడకతో ఆ చలి పోతుంది. విశ్రాంతికి కూర్చున్నప్పుడు మాత్రం చలి వేసేదాకా ఆగకుండా కూర్చున్న మరుక్షణమే వేసుకోవాలి. ఉన్న వేడిని నిలపడం జాకెట్‌కు చేతనవుతుంది, పోయిన వేడిని తిరిగి తేవడం చేతకాదు. అప్పటికే వణుకు పట్టినవాళ్ళకు జాకెట్‌తో పాటు వేడి పాలో చారో, తినడానికి ఏదైనా, నాలుగడుగుల నడకా కావాలి.

రెండో నియమం: ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదు. నూలు బనియను మన ఎండలకు ఎంత హాయో చలికి అంత చేటు. చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. ఉన్నిదో పాలిస్టర్‌దో థర్మల్ వేసుకుంటే తడి నిలవదు. డౌన్ చర్మానికి నేరుగా తగిలితేనే వెచ్చగా ఉంటుందని కొందరంటారు. దానికి ఆధారం లేదు. లోపలి పొరలు డౌన్‌ను అణచనంత వరకూ వాటి వల్ల వెచ్చదనం పెరుగుతుందే కాని తగ్గదు.

మూడో నియమం: గాలి వీస్తున్నప్పుడూ చినుకులు పడుతున్నప్పుడూ పైన ఒక కప్పు ఉండాలి. అది ఖరీదైన షెల్ జాకెట్ కానక్కర్లేదు. వదులుగా ఉండే మామూలు రెయిన్‌కోటు కూడా ఆగి ఉన్న మనిషి మీద ఆ పని చేస్తుంది. బిగుతైన కోటు కింద మాత్రం డౌన్ జాకెట్ ఉన్నా లేనట్టే. నాలుగోది, జాకెట్ మీద బరువైన సంచి తగిలిస్తే పట్టీల కింద, వీపు మీద నూగు అణిగిపోతుంది. వేళ్ళు గడ్డకడుతున్నాయంటే చేతి తొడుగులు ఒక్కటే మందు కాదని కూడా తెలుసుకోవాలి. నడిమి ఒళ్ళు చల్లబడితే ప్రాణాధారమైన అవయవాలను కాపాడుకోవడానికి శరీరం చేతులకూ కాళ్ళకూ రక్తప్రసారం తగ్గిస్తుంది. అందుకే జాకెట్ వేసుకోవడం కూడా వేళ్ళను కాపాడుకోవడమే. మెడ, తల, కాళ్ళు కప్పుకోకుండా జాకెట్ ఒక్కదాని మీదే భారం వేయడం మాత్రం సరికాదు.

న్యాయమైన అభ్యంతరాలు

డౌన్ మీద వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది తడి. నూగు తడిస్తే పోగులు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి, గాలి నిలిచే చోటు పోతుంది. నీరు అంటకుండా పూత పూసిన డౌన్ ఉంది, పైబట్ట మీద కూడా అలాంటి పూత ఉంటుంది. ఇవి చిన్న చినుకులను తట్టుకుంటాయి, ఎడతెగని వానను కాదు. ఈ అభ్యంతరానికి జవాబు లేదు, దాన్ని ఒప్పుకోవాలి. తప్పించుకోలేని తడి ఉన్న చోటికి సింథటిక్ జాకెట్ మేలు. 1980లలో అమెరికా సైన్యం కోసం, తడిసినా వెచ్చదనం పోని నూగుగా ప్రైమాలాఫ్ట్‌ను తయారుచేశారు. ఆ తరహా సన్నటి పాలిస్టర్ పోగులు తడిసినా కొంత ఉబ్బును నిలుపుకుంటాయి, త్వరగా ఆరతాయి, ఉతకడం సులువు, ధర తక్కువ. బదులుగా అదే వెచ్చదనానికి బరువు ఎక్కువ, మడిస్తే పెద్ద మూట, పదేపదే నొక్కి మడవడం వల్ల డౌన్ కన్నా ముందే ఉబ్బు కోల్పోతాయి. పొడి చలికి డౌన్, తడి చలికి సింథటిక్ అని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండింటిలోనూ పనిచేసేది అదే కదలని గాలి.

రెండోది మనస్సాక్షికి సంబంధించినది. డౌన్ చాలావరకు మాంసం కోసం పెంచే బాతుల నుంచి ఉపఫలంగా వస్తుంది. కొన్ని చోట్ల బతికున్న పక్షుల నుంచి పీకడం, బలవంతంగా మేపడం జరిగిందన్నది నిజం. దీని మీద వచ్చిన ఆందోళన ఫలితంగానే 2014లో రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ అనే ప్రమాణం వచ్చింది. ఆ రెండు పనులనూ అది నిషేధిస్తుంది. డౌన్ కొనేవారు ఆ ముద్ర ఉన్నదే కొనాలి. కొంచెం ఎక్కువ ధర అయినా అది మన బాధ్యత. పక్షిని చంపడమే తప్పని నమ్మేవారికి ఈ ముద్రతో సమాధానం దొరకదు, దొరుకుతుందని వాదించడం వాళ్ళ నమ్మకాన్ని తేలిక చేయడమే. వాళ్ళు నిశ్చింతగా సింథటిక్ తీసుకోవచ్చు. వందో రెండొందలో గ్రాముల బరువు పెరుగుతుంది, వెచ్చదనంలో రాజీ పడాల్సిన పని లేదు.

మూడోది ఖర్చు. ఏడాదికి వారం రోజుల చలి కోసం వేల రూపాయలు ఎందుకన్నది సమంజసమైన ప్రశ్న. ఒక్క యాత్ర, ఒక్క ట్రెక్కింగ్ కోసమైతే అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. పర్వతయాత్రలు నడిపే సంస్థలు చాలావరకు జాకెట్లు అద్దెకిస్తాయి. అద్దెకు తీసుకునేటప్పుడు కూడా నొక్కి వదిలి ఉబ్బు చూడండి, తేమ వాసన వస్తే వద్దనండి. చలి దేశంలో ఉండబోయేవారి లెక్క వేరు. సరిగ్గా చూసుకున్న డౌన్ జాకెట్ పదేళ్ళు తేలిగ్గా వస్తుంది. ఏటా కొని ఏటా పారేసే మూడు చవక కోట్ల కన్నా అది చివరికి చవకే.

ఇంటికి తెచ్చాక

పదేళ్ళు రావాలంటే రెండు పనులు చేయాలి. ఒకటి, నిల్వ. జాకెట్‌తో ఇచ్చే చిన్న సంచి ప్రయాణం కోసమే. నెలల తరబడి అందులో కుక్కి ఉంచితే నూగు మళ్ళీ పూర్తిగా విచ్చుకోదు. బీరువాలో వదులుగా వేలాడదీయండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో వర్షాకాలంలో అప్పుడప్పుడు తీసి నీడలో గాలికి ఆరేయండి. రెండోది, ఉతకడం. మురికి, చెమట జిడ్డు కూడా ఉబ్బును చంపుతాయి కాబట్టి ఉతకకుండా ఉండటమూ తప్పే. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. ముందు నుంచి తలుపు తెరిచే వాషింగ్ మెషిన్‌లో, డౌన్ కోసం చేసిన సబ్బుతో, సున్నితమైన సెట్టింగ్‌లో ఉతకండి. మామూలు డిటర్జెంట్ నూగుకు సహజంగా ఉండే నూనెను లాగేస్తుంది, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు వాడకూడదు. తడిసిన జాకెట్‌ను పిండి మెలిపెట్టవద్దు, దండెం మీద వేలాడదీయవద్దు. డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే ఆ దెబ్బలకు ముద్దలు విడిపోతాయి. లేకపోతే గాలి ఆడే చోట పరిచి, గంటకోసారి చేత్తో ముద్దలు విడదీస్తూ, పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులైనా ఓపిక పట్టాలి. పైన ఆరినట్టున్నా లోపల తడి మిగిలితే కుళ్ళు వాసన వస్తుంది, ఆ తర్వాత బాగుచేయడం కష్టం.

చలి గురించి భయపడేవాళ్ళు బరువైనవి కొంటారు, మోజు పడేవాళ్ళు పేరున్నవి కొంటారు. కారణం తెలిసినవాళ్ళు మాత్రం ఒకే ప్రశ్న వేసుకుంటారు: ఈ పొర నా ఒంటి చుట్టూ ఉన్న గాలిని పొడిగా, ఉబ్బుగా, కదలకుండా ఉంచుతుందా? ఈ ప్రశ్న జాకెట్‌తో ఆగిపోదు. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు, రైల్లో చిన్నపిల్లకు దుప్పటి కప్పేటప్పుడు, అమెరికాలో కొడుకు దగ్గరికో కేదార్‌నాథ్‌కో బయల్దేరే పెద్దవాళ్ళకు బట్టలు సర్దేటప్పుడు కూడా ఇదే అడగాలి. వయసు మీద పడ్డవారి ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, చలి తెలియడమూ ఆలస్యమవుతుంది. వాళ్ళు అడగరు. ఆగిన ప్రతిచోటా జాకెట్ తీసి వాళ్ళ భుజాల మీద మనమే వేయాలి.